పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) గ్రాంట్ మార్చి 6న వచ్చింది, జాబ్‌కీపర్ (కరోనా జీతాల సాయం) రాదంటున్నారు. నిజమేనా?

టార్నీట్_వాసు | 11 ఏప్రిల్ 2020

మెల్‌బోర్న్‌లో ఒక ఫంక్షన్ సెంటర్ కిచెన్‌లో ఫుల్‌టైమ్ కుక్‌గా చేస్తున్నాను. మూడేళ్లుగా అదే చోటు. మార్చి 23 మధ్యాహ్నం నుంచి రెస్టారెంట్లు, హాళ్లు మూసేయమన్నారు కదా, ఆ రోజే మా అందరినీ స్టాండ్ డౌన్ చేశారు (ఉద్యోగం ఉంటుంది, పనీ జీతమూ ఉండవు). కోల్డ్ రూమ్‌లో ఉన్న కూరగాయలు, పాలు, పన్నీరు తలా ఇంత పంచి ఇంటికి పంపారు. రెండు సంచుల కొత్తిమీర తెచ్చాను. మా ఆవిడ దాన్ని చూసి ఏడవలేక కూర్చుంది.

మార్చి 30న జాబ్‌కీపర్ ప్రకటించగానే ప్రాణం లేచొచ్చింది. రెండు వారాలకు 1,500 డాలర్లు, యజమాని ద్వారానే వస్తుందన్నారు. 2014లో స్టూడెంట్‌గా వచ్చాను, ఆరేళ్లు అన్ని వీసాలూ తిరిగి మొన్న మార్చి 6న 190 (రాష్ట్రం నామినేట్ చేస్తే ఇచ్చే పర్మనెంట్ వీసా) గ్రాంట్ వచ్చింది. పీఆర్ వచ్చేసింది కాబట్టి మనకు బెంగ లేదనుకున్నాను.

నిన్న మా మేనేజర్ నామినేషన్ ఫారం పంపాడు. అందులో నేను 2020 మార్చి 1 నాటికి ఆస్ట్రేలియా రెసిడెంట్‌నని డిక్లరేషన్ ఇవ్వాలి. ఐదు రోజుల తేడా. మేనేజర్‌ను అడిగితే "సారీ మేట్" అన్నాడు. ఇప్పుడు నేను పీఆర్‌నే కదా, ఇంకో దారి ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రి నుంచి నిద్ర లేదు.

ఎండుమిర్చి | 11 ఏప్రిల్

పీఆర్ అంటే పీఆరే. టిక్ పెట్టి పంపేయ్ బ్రో. లక్షల ఫారాలు వస్తాయి, ఐదు రోజుల తేడా ఎవడు చూస్తాడు.

వెంటీ_అక్క | 11 ఏప్రిల్

అలాంటి సలహాలు ఇవ్వకు తమ్ముడూ. వాసూ, అస్సలు ఆ పని చేయకు. అది సంతకం పెట్టే డిక్లరేషన్. హోమ్ అఫైర్స్ (వీసాల శాఖ) దగ్గరున్న వీసా వివరాలతో ఏటీఓ (పన్నుల శాఖ) సరిచూసుకుంటుంది. ఆరేళ్లు కష్టపడి తెచ్చుకున్న పీఆర్ మీదికి తెచ్చుకోవద్దు.

లెక్కల_మాస్టారు | 11 ఏప్రిల్

నేను సిడ్నీలో అకౌంటెంట్‌ని. పది రోజులుగా ఇదే పని, ఇవే ప్రశ్నలు. కాస్త వివరంగా రాస్తాను.

జాబ్‌కీపర్ సెంట్రలింక్ (ప్రభుత్వ సంక్షేమ చెల్లింపుల ఆఫీసు) డబ్బు కాదు. ఏటీఓ యజమానికి ఇస్తుంది, యజమాని ముందు నీకు జీతంగా ఇచ్చి తర్వాత తెచ్చుకుంటాడు. అందుకే రెండు వైపులా అర్హత చూస్తారు. యజమాని వైపు: టర్నోవర్ 30 శాతం పడిపోవాలి, బిలియన్ డాలర్ల పైబడిన కంపెనీ అయితే 50 శాతం. మీ ఫంక్షన్ సెంటర్‌కి అది సమస్యే కాదు. ఉద్యోగి వైపు: మార్చి 1 నాటికి అక్కడ ఉద్యోగంలో ఉండాలి, క్యాజువల్ అయితే అప్పటికి 12 నెలలు క్రమంగా చేసి ఉండాలి, వయసు చూస్తారు, ఆ తర్వాత రెసిడెన్సీ.

ఈ రెసిడెన్సీ దగ్గరే మనవాళ్లు తడబడుతున్నారు. 1991 సోషల్ సెక్యూరిటీ చట్టంలో "ఆస్ట్రేలియన్ రెసిడెంట్" అనే మాటకు ఉన్న అర్థాన్నే తీసుకున్నారు. సిటిజన్, పర్మనెంట్ వీసా ఉన్నవాళ్లు, కొందరు న్యూజిలాండ్ వాళ్లు. వీళ్లు కాక 444 అనే తాత్కాలిక వీసా మీద ఉన్న న్యూజిలాండ్ వాళ్లను విడిగా చేర్చారు. పన్ను కట్టేటప్పుడు నువ్వు రెసిడెంట్‌వి అన్న మాట వేరు, ఇది వేరు. ఆరేళ్లు రెసిడెంట్ రేటులో పన్ను కట్టినా ఇక్కడ లెక్కలోకి రాదు.

వాసూ, ఆ తేదీ మార్చి 1 అని రూల్‌లోనే రాశారు. గ్రాంట్ లెటర్‌లో మార్చి 6 ఉంటే ప్రస్తుతానికి నువ్వు రావు. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది.

గోదారోడు | 11 ఏప్రిల్

మాస్టారూ, పీఆర్ వచ్చిన కొత్తలో నాలుగేళ్లు ఏమీ ఇవ్వరు కదా? అలాంటప్పుడు ఫిబ్రవరిలో గ్రాంట్ వచ్చినవాళ్లకు కూడా రాదేమో? మా తమ్ముడికి ఫిబ్రవరి 20న వచ్చింది.

లెక్కల_మాస్టారు | 11 ఏప్రిల్

@గోదారోడు మంచి ప్రశ్న అడిగావు. ఆ నాలుగేళ్ల వెయిటింగ్ పీరియడ్ సెంట్రలింక్ చెల్లింపులకు. 2019 జనవరి నుంచి చాలా వాటికి రెండేళ్లను నాలుగేళ్లు చేశారు. జాబ్‌కీపర్‌కు దానితో సంబంధం లేదు. మీ తమ్ముడికి ఫిబ్రవరి 20 అంటే మార్చి 1 నాటికి పీఆర్ ఉన్నట్టే. ధైర్యంగా ఫారం నింపమను.

గోదారోడు | 11 ఏప్రిల్

వాడు "నాకు రాదులే" అని ఫారం పక్కన పడేశాడు మాస్టారూ. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

అడిలైడ్_అమ్మాయి | 12 ఏప్రిల్

నాకు అసలు కోపం ఎక్కడొస్తుందంటే, మా షాపులో వారానికి ఒక్క షిఫ్ట్ చేసే పాప ఉంది. రెండు వారాలకు 300 కూడా రావు. సిటిజన్ కాబట్టి ఇప్పుడు 1,500 వస్తుంది. నేను ఫుల్‌టైమ్, 482 అనే టెంపరరీ వర్క్ వీసా మీద ఉన్నాను, సున్నా. ఆ పిల్ల మంచిదే, తన తప్పేమీ లేదు. కానీ ఇద్దరం ఒకే కౌంటర్ వెనక నిలబడ్డాం కదా.

బ్లాక్‌టౌన్_బాబాయ్ | 12 ఏప్రిల్

అమ్మాయ్, నీ బాధ అర్థమైంది కానీ ఒక మాట. ఏ దేశమైనా ముందు సొంతవాళ్లను చూసుకుంటుంది. మేం 1990ల్లో వచ్చినప్పుడు ఏ సాయమూ అడగలేదు. కష్టకాలానికి కొంత దాచుకోవాలి.

అడిలైడ్_అమ్మాయి | 12 ఏప్రిల్

@బ్లాక్‌టౌన్_బాబాయ్ దాచుకున్నది వీసా ఫీజులకే పోయింది బాబాయ్. ఇంగ్లిష్ పరీక్ష నాలుగుసార్లు రాశాను, స్కిల్ అసెస్‌మెంట్, ఏజెంటు, మెడికల్. ఇంటి దగ్గర విజయనగరంలో చదువు కోసం తీసుకున్న లోన్ ఇంకా ఉంది. "ఇంటికి వెళ్లిపోండి" అని టీవీలో చెబుతున్నారు. మార్చి 22 నుంచి ఇండియాకు విమానాలే లేవు. ఎలా వెళ్లమంటారు?

వెంటీ_అక్క | 12 ఏప్రిల్

బాబాయ్ గారూ, మీరు వచ్చినప్పుడు దేశమంతా ఒక్కరోజులో మూతపడలేదు కదండీ. ఇది దాచుకోని తప్పు కాదు.

పెన్నా_తీరం | 12 ఏప్రిల్

వాసూ, జాబ్‌కీపర్ గొడవలో జాబ్‌సీకర్ (పని లేనివాళ్లకు సెంట్రలింక్ ఇచ్చే భత్యం) సంగతి ఎవరూ చెప్పట్లేదు. కొత్త పీఆర్‌లకు ఉన్న వెయిటింగ్ పీరియడ్‌ను మార్చి 25 నుంచి తాత్కాలికంగా ఎత్తేశారు. నీకు నాలుగేళ్లు ఆగే పని లేదు. స్టాండ్ డౌన్ అయినవాళ్లు కూడా పెట్టుకోవచ్చు, ఉద్యోగం పోయి ఉండక్కర్లేదు. ఏప్రిల్ 27 నుంచి దాని మీద రెండు వారాలకు 550 కరోనా సప్లిమెంట్ కలుస్తుంది. ఒంటరివాళ్లకు మొత్తం 1,115 దాకా, జంటలో ఒకరికి 1,060 దాకా. ఆస్తుల లెక్క కూడా ప్రస్తుతానికి చూడట్లేదు.

నీ భార్య పనిచేస్తోందా? ఆ ఆదాయం చూస్తారు.

టార్నీట్_వాసు | 12 ఏప్రిల్

@పెన్నా_తీరం ఏజ్డ్ కేర్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది అన్నా. రెండు వారాలకు 1,100 వరకు. దాంతోనే అద్దె కడుతున్నాం. నాకు ఈ జాబ్‌సీకర్ సంగతి నిజంగా తెలియదు. పీఆర్ కొత్త కాబట్టి సెంట్రలింక్ గుమ్మం కూడా తొక్కకూడదు అనుకున్నాను.

పెన్నా_తీరం | 12 ఏప్రిల్

నీ ఒక్కడికే కాదు, సగం మందికి తెలియదు. భార్య ఆదాయం ఏడాదికి దాదాపు 79 వేలు దాటితేనే నీకు పూర్తిగా పోతుంది. మీది దానికి చాలా తక్కువ. కొంచెం తగ్గించి ఇస్తారేమో, అంతే.

లైన్‌లో నిలబడకు. మార్చి 23న ప్రభుత్వ వెబ్‌సైట్ మైగవ్ కుప్పకూలి, ఆఫీసుల ముందు వీధి మలుపు దాకా జనం నిలబడ్డారు చూశావు కదా. ఇప్పుడు మైగవ్‌లోనే క్లెయిమ్ చేస్తానని ముందు నమోదు చేసుకునే వీలు పెట్టారు. ఆ నమోదు తేదీ ముఖ్యం, ఈ రాత్రే చెయ్యి. గ్రాంట్ లెటర్, పాస్‌పోర్ట్, పేస్లిప్‌లు, స్టాండ్ డౌన్ చేసినట్టు యజమాని ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకో.

టార్నీట్_వాసు | 12 ఏప్రిల్

రాత్రి 11:40కి నమోదు అయింది. స్క్రీన్ షాట్ తీసి మా ఆవిడకు కూడా పంపాను. థాంక్స్ అన్నా.

లెక్కల_మాస్టారు | 13 ఏప్రిల్

ఇంకొక్క మాట. ఎంత కోపం వచ్చినా ఉద్యోగానికి రాజీనామా చేయకు. స్టాండ్ డౌన్‌లోనే ఉండు. రూల్స్ రోజూ మారుతున్నాయి. రేపు మారినా వాళ్ల ఉద్యోగుల లిస్టులో నీ పేరు ఉండాలి.

క్రెయిగీబర్న్_కబుర్లు | 13 ఏప్రిల్

నాకు పీఆర్ ఉంది, మార్చి 1 కంటే చాలా ముందే వచ్చింది. కానీ మా ఓనరు (మనవాడే) వింత షరతు పెట్టాడు. "1,500 నీ అకౌంట్లో వేస్తాను, నువ్వు చేసేది 700 పనే కదా, మిగతా 800 క్యాష్ తిరిగివ్వు" అంటున్నాడు. ఇది అందరి దగ్గరా ఉందా?

వెంటీ_అక్క | 13 ఏప్రిల్

దొంగతనం అది. పైసా వెనక్కి ఇవ్వకు.

లెక్కల_మాస్టారు | 13 ఏప్రిల్

మామూలు జీతం ఎంతైనా సరే, పన్నుకు ముందు పూర్తి 1,500 ఉద్యోగికే చెందాలి. అదే రూల్. అతను పంపిన మెసేజ్‌లు దాచుకో. ఏటీఓకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. పనివేళల గొడవైతే ఫెయిర్ వర్క్ (ఉద్యోగుల హక్కులు చూసే సంస్థ) ఉంది.

ఎండుమిర్చి | 13 ఏప్రిల్

మన భాషలో నవ్వుతూ అడిగితే కాదనలేం. అక్కడే దెబ్బ తింటున్నాం. మొన్న నేను వాసుకి ఇచ్చిన సలహా తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రి_షిఫ్ట్ | 14 ఏప్రిల్

నాది 190 అప్లికేషనే, ఇంకా గ్రాంట్ రాలేదు. బ్రిడ్జింగ్ (నిర్ణయం వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక వీసా) మీద ఉన్నాను. ట్రుగనీనాలో వేర్‌హౌస్‌లో నైట్ డ్యూటీ. గంటలు సగం చేశారు. బ్రిడ్జింగ్ వాళ్లకు ఏమైనా ఉందా?

పెన్నా_తీరం | 14 ఏప్రిల్

@రాత్రి_షిఫ్ట్ జాబ్‌కీపర్, జాబ్‌సీకర్ రెండూ లేవు తమ్ముడూ. సూపర్ (పీఎఫ్ లాంటి రిటైర్మెంట్ పొదుపు) లోంచి 10 వేల వరకు తీసుకునే వీలు టెంపరరీ వాళ్లకూ ఇస్తున్నారు. ఏప్రిల్ 20 నుంచి మైగవ్‌లో పెట్టుకోవచ్చు, జూన్ 30 లోపు. కానీ అది నీ డబ్బే. నిజంగా ఇల్లు గడవకపోతేనే ముట్టుకో.

అడిలైడ్_అమ్మాయి | 14 ఏప్రిల్

మనకి సాయం అంటే మన డబ్బు మనం తీసుకోవడం అన్నమాట.

గోదారోడు | 2 మే

అప్‌డేట్. మా తమ్ముడికి మొదటి జాబ్‌కీపర్ జీతం పడింది. ఫిబ్రవరి 20 గ్రాంట్, మూడు నెలలు కూడా కాలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. మాస్టారూ, మీరు చెప్పకపోతే వాడు ఆ ఫారం నింపేవాడే కాదు. అమ్మ మండపేట నుంచి మీకు దండాలు చెప్పమంది.

అడిలైడ్_అమ్మాయి | 23 మే

నిన్నటి వార్త చూశారా? 130 బిలియన్ అవుతుందనుకున్న జాబ్‌కీపర్ 70 బిలియనే అవుతుందట. 65 లక్షల మంది అనుకుంటే 35 లక్షల మందే ఉన్నారట. 60 బిలియన్ల తేడా! ఇన్నాళ్లూ "ఎక్కడో ఒక గీత గీయాలి, డబ్బు లేదు" అన్నారు. ఇప్పుడైనా ఆ గీత కాస్త జరపొచ్చు కదా. టెంపరరీ వాళ్లను వదిలేయండి, మార్చిలో పీఆర్ వచ్చిన వాసు లాంటి వాళ్లనైనా కలపొచ్చు కదా.

బ్లాక్‌టౌన్_బాబాయ్ | 23 మే

అది మిగిలిన డబ్బు కాదమ్మా, అంత అప్పు తక్కువ చేస్తారు. కానీ వాసు విషయంలో నీ మాట ఒప్పుకుంటాను. పర్మనెంట్ అని కాగితం ఇచ్చాక తేదీ చూపించి ఆపడం నాకూ నచ్చలేదు. మా ఎంపీ ఆఫీసుకి ఈమెయిల్ రాశాను, పేరు లేకుండా వాసు సంగతి చెప్పాను. మీరూ రాయండి.

టార్నీట్_వాసు | 24 మే

బాబాయ్, మీరు రాశారని చూసి కళ్లు చెమర్చాయి. జాబ్‌సీకర్ వస్తోంది, ఇల్లు నడుస్తోంది. కానీ వాట్సాప్‌లో మా కిచెన్ గ్రూపులో అందరూ జాబ్‌కీపర్ పడింది అని బొటనవేలు బొమ్మలు పెడుతుంటే నేనొక్కడినే ఊరుకుంటున్నాను. గిన్నెలు కడిగే కుర్రాడికి కూడా వస్తోంది, వాడు నాతో మాట్లాడ్డానికి మొహమాటపడుతున్నాడు. డబ్బు కంటే అది ఎక్కువ గుచ్చుకుంటోంది.

లెక్కల_మాస్టారు | 8 ఆగస్టు

వాసూ ఎక్కడున్నావు, ఇది చదువు.

నిన్న ట్రెజరర్ (ఆర్థిక మంత్రి) ప్రకటించారు. ఆగస్టు 3న మొదలైన పక్షం నుంచి ఉద్యోగి అర్హతకు చూసే తేదీ మార్చి 1 కాదు, జులై 1. మార్చి 1 లెక్కలో రానివాళ్లను జులై 1 లెక్కలో మళ్లీ చూస్తారు. ఉద్యోగం, వయసు, క్యాజువల్ వాళ్ల 12 నెలలు, రెసిడెన్సీ అన్నీ జులై 1 నాటివే. అంటే మార్చి 2 నుంచి జులై 1 మధ్య పీఆర్ వచ్చినవాళ్లు ఇప్పుడు లోపలికి వస్తారు. మేలో 12 నెలలు నిండిన క్యాజువల్స్ కూడా.

వెనకటి నెలలకు ఇవ్వరు. మీ యజమానిని వెంటనే అడుగు. ఆగస్టు 3, ఆగస్టు 17 పక్షాల డబ్బు కొత్తవాళ్లకు ఇచ్చేయడానికి యజమానులకు ఆగస్టు 31 వరకు గడువిచ్చారు. మీ మేనేజర్‌కి ఇది తెలిసి ఉండకపోవచ్చు. నువ్వే ఫారం తీసుకుని వెళ్లు.

గోదారోడు | 8 ఆగస్టు

వెళ్లేదెక్కడికి మాస్టారూ, మెల్‌బోర్న్‌లో స్టేజ్ 4 లాక్‌డౌన్. అయిదు కిలోమీటర్లు దాటకూడదు, రాత్రి ఎనిమిది తర్వాత కర్ఫ్యూ. ఈమెయిల్ చెయ్యి వాసూ!

టార్నీట్_వాసు | 8 ఆగస్టు

చదివాను. రెండుసార్లు చదివాను. మా ఆవిడతో గట్టిగా చదివించాను. మేనేజర్‌కి ఈమెయిల్, మెసేజ్ రెండూ పెట్టాను. మీరు ఆ రోజు రాజీనామా చేయొద్దన్న మాట వల్లే ఇంకా వాళ్ల లిస్టులో ఉన్నాను. జూన్‌లో ఒక రోజు విసుగొచ్చి రాజీనామా లెటర్ టైప్ చేసి పెట్టుకున్నాను కూడా.

టార్నీట్_వాసు | 12 ఆగస్టు

మేనేజర్ ముందు "కొత్త పీఆర్‌లకు రాదు" అనే అన్నాడు. ఏటీఓ వెబ్‌సైట్ పేజీ పంపితే వాళ్ల అకౌంటెంట్‌ని అడిగాడు. నిన్న సాయంత్రం కొత్త ఫారం వచ్చింది. ఈసారి జులై 1 అని ఉంది. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది.

పెన్నా_తీరం | 12 ఆగస్టు

చాలా సంతోషం వాసూ. జాగ్రత్త, జాబ్‌కీపర్ జీతం మొదలైన వెంటనే సెంట్రలింక్‌లో ఆదాయంగా చూపించు. రెండూ పూర్తిగా తీసుకుంటే తర్వాత అప్పు నోటీసు వస్తుంది. ఇప్పుడు కాకపోయినా ఏడాదికైనా వస్తుంది.

క్రెయిగీబర్న్_కబుర్లు | 13 ఆగస్టు

నా సంగతి కూడా చెప్పేస్తాను. మెసేజ్‌లు దాచానని చెప్పగానే మా ఓనరు 800 గురించి మాట్లాడ్డం మానేశాడు. ఫిర్యాదు దాకా పోలేదు.

టార్నీట్_వాసు | 1 సెప్టెంబరు

నిన్న పడింది. రెండు పక్షాలవీ కలిపి. పేస్లిప్‌లో కిచెన్ గంటలు 0.00 అని, కింద లైన్‌లో "జాబ్‌కీపర్ టాప్ అప్" అని ఉంది. దాన్ని ఫొటో తీసి నాన్నకి పంపాను. జనగామలో ఆయన పక్కింటివాళ్లకి కూడా చూపించారట. సెంట్రలింక్‌లో అప్పుడే రిపోర్ట్ చేశాను పెన్నా అన్నా. కిచెన్ గ్రూపులో ఈసారి నేనే మొదట బొటనవేలు పెట్టాను, గిన్నెలు కడిగే కుర్రాడు వెంటనే ఫోన్ చేశాడు. అరగంట మాట్లాడుకున్నాం.

వెంటీ_అక్క | 1 సెప్టెంబరు

హమ్మయ్య. ఈ రాత్రి పడుకో తమ్ముడూ.

లెక్కల_మాస్టారు | 1 సెప్టెంబరు

సంతోషం. లెక్క మాత్రం గుర్తుంచుకో. సెప్టెంబరు 28 నుంచి 1,500 కాస్తా 1,200 అవుతుంది, వారానికి 20 గంటల కంటే తక్కువ చేసేవాళ్లకు 750. జనవరి 4 నుంచి 1,000, 650. మార్చి 28తో ఆఖరు. నువ్వు స్టాండ్ డౌన్‌కు ముందు ఫుల్‌టైమ్ కాబట్టి పాత గంటల పేస్లిప్‌లు జాగ్రత్తగా పెట్టుకో, పై రేటుకు అవే ఆధారం.

రాత్రి_షిఫ్ట్ | 2 సెప్టెంబరు

వాసన్నా, నిజంగా సంతోషం. నా గ్రాంట్ కూడా వచ్చింది. జులై 9న.

అడిలైడ్_అమ్మాయి | 2 సెప్టెంబరు

అయ్యో. ఎనిమిది రోజులు.

రాత్రి_షిఫ్ట్ | 2 సెప్టెంబరు

వీఈవీఓలో (వీసా వివరాల వెబ్‌సైట్‌లో) చూసినప్పుడు ఆ తేదీ పట్టించుకోలేదు, ఎగిరి గంతేశాను. ఇవాళ ఈ చర్చ మొదటినుంచి చదువుతుంటే అర్థమైంది. గత నెల నుంచి వేర్‌హౌస్‌లో వారానికి రెండే రాత్రులు ఇస్తున్నారు.

టార్నీట్_వాసు | 2 సెప్టెంబరు

@రాత్రి_షిఫ్ట్ జాబ్‌సీకర్ పెట్టావా? కొత్త పీఆర్‌లకు ఆ వెయిటింగ్ ఇప్పటికీ ఎత్తేసే ఉంది. పని పూర్తిగా పోనక్కర్లేదు, గంటలు తగ్గినా చూస్తారు. సప్లిమెంట్ సెప్టెంబరు 25 నుంచి 250కి తగ్గుతుంది, ఆలస్యం చేయకు.

రాత్రి_షిఫ్ట్ | 2 సెప్టెంబరు

పెట్టలేదన్నా. మైగవ్‌లో ఎక్కడ నొక్కాలో కూడా తెలియదు. ఇంగ్లిష్ ఫారం చూస్తే టెన్షన్.

టార్నీట్_వాసు | 2 సెప్టెంబరు

ట్రుగనీనా మా ఇంటికి నాలుగు కిలోమీటర్లే, కానీ ఇంటికి రానివ్వరు కదా. ఈ రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చెయ్యి, నంబర్ మెసేజ్‌లో పెట్టాను. గ్రాంట్ లెటర్, పాస్‌పోర్ట్, ఆఖరి ఎనిమిది వారాల పేస్లిప్‌లు ముందు పెట్టుకుని కూర్చో. ముందు నమోదు తేదీ పడేద్దాం, మిగతాది నెమ్మదిగా నింపుదాం.

రాత్రి_షిఫ్ట్ | 2 సెప్టెంబరు

ఈ రాత్రి షిఫ్ట్ లేదు. తొమ్మిదికి చేస్తాను అన్నా.